తాళం బొమ్మకు పూచీ ఎవరు?

చాలా ఏళ్ళు బ్రౌజర్‌లో సైటు పేరు పక్కన తాళం బొమ్మ కనిపిస్తే చాలు, నిశ్చింతగా పాస్‌వర్డ్ కొట్టేశాం. దేవుణ్ణి నమ్మని మనం కూడా! ఆ బొమ్మ వెనక ఉండేది ఒక సర్టిఫికెట్, అంటే "ఈ పేరు వీళ్ళదే" అని మూడో మనిషి ఇచ్చే హామీ. మరి ఆ మూడో మనిషికి హామీ ఎవరు?

2011లో డిజినోటార్ అనే డచ్చి కంపెనీలోకి ఎవరో చొరబడి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటితో ఇరాన్‌లో జీమెయిల్ మీద నిఘా పెట్టారు. గుట్టు బయటపెట్టింది ఆడిటర్లు కాదు, క్రోమ్ హెచ్చరిక చూసి అనుమానం వచ్చిన ఒక మామూలు ఇరాన్ వాడుకదారు. కంపెనీ ఆ ఏడే దివాలా తీసింది. మనవాళ్ళూ తక్కువేం తినలేదు. 2014 జులైలో మన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ జారీ చేసినట్టుగా గూగుల్ పేర్లతో అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. సర్కారు ముద్ర ఉంది కాబట్టి విండోస్ వాటిని నమ్మింది.

సరే, వ్యాపారినీ సర్కారునీ వదిలేసి లాభాపేక్ష లేని సంస్థను పట్టుకుందామా? 2003లో ఆస్ట్రేలియాలో పుట్టిన సీఏసర్ట్ అలాంటిదే. ఎవరికీ తల వంచలేదు. ఆడిట్ మాత్రం గట్టెక్కలేదు, పెద్ద బ్రౌజర్లు దాన్ని చేర్చుకోనూ లేదు.

గట్టెక్కింది లెట్స్ ఎన్‌క్రిప్ట్. దాన్ని నడిపే ఐఎస్‌ఆర్‌జీ 2013లో కాలిఫోర్నియాలో ఏర్పడింది. 2015 డిసెంబర్ నుంచి ఎవరడిగినా ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తోంది. దీని స్వతంత్రత ఎంత? మొదట్లో ఐడెన్‌ట్రస్ట్ అనే వ్యాపార సంస్థ సంతకం అరువు తెచ్చుకునే నడిచింది. ఆ సంతకం వెనకున్న మూల సర్టిఫికెట్‌కు 2021 సెప్టెంబర్ 30న గడువు తీరితే కొన్ని పాత పరికరాలు మొరాయించాయి. సిస్కో, అకమాయ్, గూగుల్ లాంటివి దీనికి విరాళాలిచ్చాయి. గూగుల్ డబ్బు తీసుకుంటూ గూగుల్ బ్రౌజర్ ఆమోదం మీదే బతకాలన్నమాట! పైగా అమెరికా చట్టానికి లోబడాలి.

అయినా నేను దీన్నే వాడతాను, మంచివాళ్ళని కాదు. దీని సాఫ్ట్‌వేర్ ఎవరైనా చదవొచ్చు, ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ బహిరంగ చిట్టాలోకి ఎక్కుతుంది. 2020 ఫిబ్రవరి 29న తమ తనిఖీలో లోపాన్ని గుర్తించి, 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లు తప్పుగా ఇచ్చామని వాళ్ళే చెప్పారు. సైట్లు ఆగిపోతాయని 10 లక్షలకు పైగా వాటిని గడువులోగా రద్దు చేయలేదు. నియమం ప్రకారం అది తప్పే, కానీ ఆ తప్పును కూడా వాళ్ళ రాతల్లోంచే నేను పట్టుకోగలుగుతున్నాను. డిజినోటార్ తన చోరీని బయటికి చెప్పకుండా వారాల తరబడి దాచింది.

మీకు సొంత సైటుంటే దాని పేరు ఆ చిట్టాలో ఓసారి వెతకండి. మీరు అడగని సర్టిఫికెట్ ఏదైనా ఉందేమో!