తిరగబోసిన సముద్రం

1846 చివర్లో లండన్‌లో, వెస్ట్‌మిన్‌స్టర్ అబే చర్చి పక్కనున్న ఒక ఇంట్లో వింత పని ఒకటి మొదలైంది. తెరిచిన కిటికీ ముందు పనిపిల్ల నిలబడి, వేడి పాలు చల్లార్చినట్టు ఒక పాత్రలోని నీళ్లు ఇంకో పాత్రలోకి తిరగబోసేది. అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. ఆ నీళ్లు సముద్రపు నీళ్లు. ఆ పిల్ల చేతుల మీద బతుకుతున్నవి పగడాలు.

ఇంటావిడ పేరు అన్నా థిన్. చర్చి అధికారి భార్య, సముద్ర జీవాలంటే ప్రాణం. ఇంగ్లండ్‌లోనే ఉన్న టార్కీ తీరానికి వెళ్లినప్పుడు అక్కడి రాళ్ల మీద చిన్న రాతి పగడాలను చూసింది. వాటిని లండన్ తెచ్చుకోవాలనిపించింది. దారిలో దొర్లిపోకుండా సూదీదారంతో స్పాంజికి కుట్టి, నీళ్లలో ఉంచి తీసుకొచ్చింది. తీరా ఇల్లు చేరాక అసలు చిక్కు ఎదురైంది. తెచ్చిన సముద్రపు నీరు కొద్దిగానే ఉంది, అది నిలవ ఉంటే జీవాలు ఊపిరాడక చస్తాయి. అందుకే ఈ తిరగబోత. ఆ పిల్ల దాన్ని చాకిరీ అనుకోలేదని, ఆటలాగే చేసిందని థిన్ తరువాత రాసుకుంది. మరుసటి ఏడాది నీళ్లలో సముద్రపు నాచు వేశాక ప్రాణవాయువు అందించే పని మొక్కలు అందుకున్నాయి. ఆ పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి.

సముద్ర జీవాన్ని గాజులో పెట్టి చూసినవాళ్లలో ఆవిడే మొదటిది కాదు. అంతకు ముందే, 1832లో, సిసిలీ దీవిలో జీన్ విల్‌ప్రూ-పవర్ అనే ఫ్రెంచి స్త్రీ గాజు తొట్లు చేయించింది. చెప్పులు కుట్టేవాడి కూతురు, రాచపెళ్లికి గౌను కుట్టిన దర్జీ. ఆర్గొనాట్ అనే ఎనిమిది కాళ్ల జీవి తన గవ్వను తానే తయారుచేసుకుంటుందా, మరో జీవి వదిలేసిన దాంట్లో దూరుతుందా అన్న పాత తగాదాను ఆ తొట్లలో పెంచి చూసే తేల్చింది. తన గవ్వ తనదే. కానీ సిసిలీలో సముద్రం గుమ్మం ముందే ఉంటుంది. లండన్‌లో లేదు. నీటిని నిలవ ఉంచి బతికించుకోవాల్సిన అవసరం అందుకే అక్కడ పుట్టింది.

ఆ అవసరానికి కాలం కూడా కలిసొచ్చింది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది, పెద్ద గాజు పలకలు చవకయ్యాయి. రైళ్లు తీరాన్ని రాజధానికి దగ్గర చేశాయి. 1853 మే నెలలో రీజెంట్స్ పార్క్ జంతుశాలలో 'ఫిష్ హౌస్' తెరిస్తే జనం విరగబడ్డారు. ఆ మరుసటి ఏడాది ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం వచ్చింది. 'అక్వేరియం' అన్న మాటను లోకం నోట పెట్టింది అదే. లాటిన్‌లో ఆ మాటకు అర్థం పశువులు నీళ్లు తాగే చోటు. గొడ్లు తాగే తొట్టినీ చేపల తొట్టినీ ఒకే మాటతో పిలిచే తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

తీరానికి దూరంగా ఉన్నవాళ్లకు గాస్ ఉపాయం చెప్పాడు: మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, ఇంకో రెండు లవణాలు లెక్కప్రకారం మంచినీళ్లలో కలిపితే సముద్రం తయారు. ఇవాళ దుకాణాల్లో దొరికే ఉప్పు డబ్బాలకు అదే ముత్తాత.

ఇక కావలసింది దుకాణం. దాన్ని పెట్టినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. గాస్ రాతలతో ఈ పిచ్చి పట్టుకున్న లాయిడ్ 1850ల నడుమ లండన్‌లో, రీజెంట్స్ పార్క్ దగ్గరి పోర్ట్‌లాండ్ రోడ్డులో 'అక్వేరియం వేర్‌హౌస్' నడిపాడు. అక్కడ తొట్టి దొరికేది, తొట్టిలో పోయడానికి సముద్రం దొరికేది, అందులో వేయడానికి ప్రాణం కూడా దొరికేది. తీరాల్లో జీవాలను ఏరేవాళ్లతో అతనికి ఏర్పాటు ఉండేది. తడి నాచులో చుట్టిన అనిమనీలనే సముద్ర జీవాలు, పీతలు రైల్లో దిగేవి. 1858లో అచ్చువేసిన ధరల జాబితా వంద పేజీలు దాటింది. వస్తువు అమ్మి ఊరుకోకుండా, దాన్ని ఎలా బతికించాలో కూడా అందులో చెప్పాడు.

అయినా కొన్న జీవాల్లో చాలా వాటికి ఆయుష్షు లేకపోయింది. చిన్న తొట్టి, అందులో పట్టనన్ని జీవాలు, ఎండాకాలం కిటికీ పక్కన కాగే నీళ్లు. మూలన ఒక్క పీత చచ్చినా తెల్లారేసరికి నీళ్లు పాలలా విరిగి, తొట్టంతా కంపు కొట్టేది. మోజు ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా దిగింది. 1860ల మొదట్లో లాయిడ్ దుకాణం మూతపడింది. అప్పటికే తీరం దెబ్బతింది. తండ్రి పుస్తకాలు చదివినవాళ్లే రాళ్ల మధ్య గుంటలను ఊడ్చేశారని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధపడుతూ రాశాడు.

దుకాణం పోయినా లాయిడ్ దగ్గర ఒక పాఠం మిగిలింది. సముద్రపు నీటిని మార్చక్కర్లేదు, కదిలిస్తే చాలు. చీకట్లో ఉంచితే నాచు పెరగక నీరు తేటపడుతుంది. అందుకని జనం చూసే తొట్ల కింద, నేలలో, వాటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి గోలెం కట్టించి, పంపుతో నీటిని రాత్రింబవళ్లు తిప్పాడు. పారిస్‌లో 1861లో, హాంబర్గ్‌లో 1864లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో తెరిచిన అక్వేరియంలు అతని చేతి చలవే. ఇవాళ హైదరాబాద్‌లో ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవాళ్లు బల్ల కింది అరలో దాచే రెండో తొట్టి ఆ గోలేనికి వారసురాలు. దాని పేరూ వాళ్ల వాకిట్లో ఉన్న నీళ్ల ట్యాంకు పేరే: సంపు.

ఈ తరహా వినోదం తెలుగువాళ్ల ముందుకు 1909 అక్టోబరు 21న వచ్చింది. ఆ రోజు మద్రాసు మెరీనా ఒడ్డున సముద్ర జీవాల అక్వేరియం తెరిచారు. దాని వెనక ఉన్నవాడు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్. మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జంతుశాలను 'బతికిన కాలేజీ' అనీ పిలుచుకునే పట్నం అది. ఆ రెండింటికీ తోడు బతికిన సముద్రం కూడా చూడవలసిన వాటిలో చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ అక్వేరియం మూతపడింది.

లండన్ వాళ్లు పెంచిన పగడాలు చల్లని నీళ్లవి, వెలుతురుతో పని లేనివి. ఉష్ణమండలపు పగడాల సంగతి వేరు. వాటి ఒంట్లోనే సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. ఎండ తగలకపోతే ఆ నాచు వంట చేయదు, పగడానికి తిండి ఉండదు. ఈ ముడి ఒక ఉష్ణదేశంలోనే విడింది. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే పెంపకందారు దగ్గరి పగడపు దిబ్బల నుంచి రాళ్లను, వాటి సందుల్లో బతికే పురుగూ పుట్రతో సహా, తెచ్చి తొట్టిలో పేర్చాడు. సముద్రపు నీరు, కిటికీలోంచి ఎండ, ఒక గొట్టంలోంచి గాలి బుడగలు. ఫిల్టర్ లేదు. 1961లో ఆయన వ్యాసం ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. మురికిని తినేసే పని రాళ్లలోని సూక్ష్మజీవులు చూసుకున్నాయి. ఇవాళ ఆ రాళ్లను దుకాణాల్లో 'లైవ్ రాక్' అంటారు.

రెండు దశాబ్దాలు తిరిగేలోగా జర్మనీ పెంపకందారులు దానికి మిగతా హంగులు కూర్చారు. ప్రోటీన్ స్కిమ్మర్ అనే గొట్టంలో సన్నని బుడగలు లేస్తుంటే, పప్పు ఉడికేటప్పుడు తెట్టు పైకి తేలినట్టు మురికి నురగై తేలుతుంది. దాన్ని తోడి పారబోస్తారు. సూర్యుడి బదులు మెటల్ హేలైడ్ దీపాలు వచ్చాయి. పగడం ఎముక కట్టుకోవడానికి కాల్షియం కావాలి కదా, దానికి పీటర్ విల్కెన్స్ అనే పెంపకందారు ప్రచారం చేసిన మందు సున్నపు తేట. సున్నం కలిపి, అడుగుకు దిగనిచ్చి, పైన తేరిన నీటిని చుక్క చుక్కగా తొట్టిలో పడనిస్తారు. ఈ ఏర్పాటంతటికీ 'బెర్లిన్ పద్ధతి' అని పేరు పడింది.

మన దేశంలో ఈ కథ సగంలో ఆగింది. 2001లో దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి వెళ్లాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. మన సముద్రపు పగడాన్ని తీసినా, అమ్మినా నేరమే. అందుకని ఇక్కడ చాలా తొట్లలో చేపలే ఉంటాయి. చేపలతోనూ ఒక పేచీ ఉంది. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి కొందరు వేటగాళ్లు పగడాల సందుల్లో సైనైడ్ చిమ్మి, మత్తెక్కిన చేపల్ని పట్టడం మొదలుపెట్టారు. అలాంటి చేప దుకాణంలో రంగులీనుతూ ఈదుతుంది, ఇంటికొచ్చిన కొన్ని వారాలకు తేలిపోతుంది. దానికి విరుగుడు పెంపకమే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ ఫిష్‌ను తొట్లలోనే గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచే పద్ధతి రూపొందించారు.

ఆరితేరిన కొనుగోలుదారు దుకాణంలోకి వెళ్లి ధర ముందు అడగడు. సరుకు ఎప్పుడు దిగిందని అడుగుతాడు. పట్టినదా, పెంచినదా అంటాడు. తన కళ్లముందు మేత వేయించి, చేప నోరు తెరిస్తేనే జేబులో చెయ్యి పెడతాడు. మూల తొట్టిలో చచ్చిన చేప తేలుతున్నా తియ్యని కొట్టు గడప మళ్లీ తొక్కడు. నిన్న దిగిన చేపను ఇవాళ అమ్మనని, వారం ఆగి రమ్మని చెప్పే దుకాణదారు దొరికితే, ఊరికి ఆ చివర ఉన్నా వెతుక్కుంటూ వెళతాడు.

ఇంటికి తెచ్చాక అతని భయం ఒక్కటే, కరెంటు. పంపు ఆగి, నీళ్లు నిలిచిపోయాయంటే గంటల్లో తొట్టిలో ప్రాణవాయువు తరుగుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు దగ్గరుంటే సరే. లేనివాళ్లు ఎండాకాలపు నడిరాత్రి ఫోన్ లైటు వెలుగులో స్టూలు వేసుకుని కూర్చుంటారు. మగ్గుతో తొట్టిలోని నీళ్లు ముంచి, జానెడెత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తూ ఉంటారు, ఫ్యాను తిరిగేదాకా.