ఎలుకా, ఇల్లూ, ఆరాయిష్-ఎ-బల్దా

పోయిన చలికాలం మొగల్‌పురాలో మేం అద్దెకున్న ఇంట్లో ఒక చిట్టెలుక నా పుస్తకాల అర కింద కాపురం పెట్టింది. రెండు నిఘంటువుల అట్టలు కొరికేసింది. వీధి చివర కొట్లో అడిగితే గమ్ ప్యాడ్ ఇచ్చి, "రాత్రి పెట్టండి, పొద్దున అట్ట మడిచి చెత్తలో పడేయండి, చేతికి ఏమీ అంటదు" అన్నాడు. పెట్టాను. తెల్లవారుజామున కీచుమనే చప్పుడుకి మెలకువొచ్చి చూస్తే, జిగురుకి అంటుకున్న ఎలుక తన కాలు తనే కొరుక్కుంటోంది. ఆ అట్టని ఏం చేశానో రాయబుద్ధి కావట్లేదు.

జంతు సంక్షేమ బోర్డు ఈ జిగురు అట్టల్ని ఆపమని 2011లోనే రాష్ట్రాలకి చెప్పిందని ఆ తర్వాత తెలిసింది. దయ సంగతి పక్కన పెట్టినా ఇవి మంచివి కావట. భయంతో ఎలుక మూత్రం పోస్తుంది, దాంతో రోగాలు అంటే ప్రమాదం పెరుగుతుంది. మరి ఏం చేయాలి అని వెతుక్కుంటూ పోతే, ఎలుకల కంటే ముందు నేనుంటున్న పేట చరిత్ర ఎదురైంది.

పాతబస్తీలో మహమ్మారి మాట చార్మినార్ దగ్గరే మొదలవుతుంది. ఊరిని పట్టిన రోగం తగ్గినందుకు మొక్కుగా 1591లో దాన్ని కట్టారని కథ. కథని కథలాగే ఉంచుదాం. తేదీలున్న ప్లేగు మాత్రం 1896లో బొంబాయికొచ్చింది. అప్పటికి ఎలుకకీ ఈ రోగానికీ ఉన్న ముడి ఎవరికీ సరిగ్గా తెలీదు. 1898లో కరాచీలో పాల్-లూయీ సిమోం అనే ఫ్రెంచి డాక్టరు, రోగాన్ని ఎలుక నుంచి మనిషికి మోసేది ఎలుక ఒంటిమీది గోమారి అని చూపించాడు. చాలా ఏళ్లు ఆయన్ని నమ్మలేదు. ఊళ్లలో జనానికి మాత్రం సగం సంగతి ముందే తెలుసు. ఇంట్లో ఎలుకలు వాటంతటవే చచ్చి రాలిపడుతుంటే, మూటాముల్లె సర్దుకుని పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. ఎలుక చస్తే దాని ఒంటిమీది గోమార్లు వేరే ఒళ్లు వెతుక్కుంటాయి. దగ్గర్లో ఉండేది మనమే. అంటే ప్లేగు రోజుల్లో ఎలుకని చంపి ఇంట్లోనే ఉండిపోవడం కంటే, ఎలుకకి ఇల్లు వదిలేసి పోవడమే తెలివైన పని.

సర్కార్లు అలా ఆలోచించలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని మనకో సామెత ఉంది. బొంబాయి, పూనాల్లో అది అక్షరాలా జరిగింది: సోదాలు, సామాన్లు తగలబెట్టడం, ఆడవాళ్లని వీధిలోకి లాగి పరీక్షించడం. ఆ కోపమే 1897లో పూనాలో ప్లేగు అధికారి ర్యాండ్ మీద చాపేకర్ సోదరుల తూటా అయింది. 1902లో హనోయిలో ఫ్రెంచివాళ్లు ఎలుక తోకకి ఇంత అని డబ్బులిస్తామన్నారు. కొన్నాళ్లకి ఊళ్లో తోకలేని ఎలుకలు తిరగడం కనిపించింది. తోక కోసి వదిలేస్తే అది మళ్లీ పిల్లల్ని పెడుతుంది కదా! కొందరైతే ఏకంగా ఎలుకల్ని పెంచడం మొదలుపెట్టారు. వాళ్లని తప్పుపట్టాలని నాకనిపించదు.

హైదరాబాద్ వంతు 1911లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1908 సెప్టెంబరులో, మూసీ వరద ఊరిని ఊడ్చేసింది. ఆ బురద నుంచి తేరుకోకముందే ప్లేగు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పోయింది కూడా ఆ ఏడే. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఉర్దూలో దాని పేరు ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరానికి అలంకారం. ప్లేగు తర్వాత 1898లో బొంబాయిలో ఇలాంటి ట్రస్టే వచ్చింది. 1915లో ఎర్రమంజిల్ దగ్గర క్వారంటీన్ ఆసుపత్రి తెరిచారు. అది 1923లో నల్లకుంటకి మారింది. ఇప్పటికీ పెద్దవాళ్లు ఫీవర్ ఆసుపత్రిని కోరంటి దవాఖానా అనే అంటారు. ఆ కోరంటి, క్వారంటీన్ నోట్లో నలిగి మిగిలిన ముక్క.

బోర్డు పేరు చెప్తే అందరూ పత్తర్‌గట్టి రాతి కమానులే చూపిస్తారు. నాకు వాటికంటే గల్లీల్లో చేసిన పని ముఖ్యం అనిపిస్తుంది. గాలీ వెలుతురూ రాని ఇరుకు వాడల్ని కొనడం, కూల్చడం, రోడ్లు వెడల్పు చేయడం, కిటికీలున్న వరస ఇళ్లు కట్టి అద్దెకివ్వడం. అలా పనిచేసిన పేటల్లో మొగల్‌పురా ఒకటి. ఎలుకని వెంటాడటం మాని, ఎలుక ఉండలేని ఇల్లు కట్టాలన్న ఆలోచన అందులో ఉంది. నేను చదివినవాటిలో నాకు నచ్చింది ఇదొక్కటే. నచ్చిందంటున్నాను గానీ, గునపం దిగింది పేదల గోడల్లోనే. దేవిడీల్లో కూడా ఎలుకలుండే ఉంటాయి, వాటి జోలికి ఎవరు పోతారు?

అదే ఆలోచన నా గదికి పనికొచ్చింది. పెన్సిల్ దూరే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. ఒక ఆదివారం పెన్సిలు పట్టుకుని గోడల వెంట పాకాను: తలుపు కింద, సింకు గొట్టం చుట్టూ, గుమ్మం మూల. తొమ్మిది సందులు దొరికాయి. సందులో పాత్రలు తోమే స్టీలు పీచు కూరి పైన సిమెంటు పూస్తే అది కొరకలేదు. బియ్యం, పప్పులు డబ్బాల్లోకి మారాయి. కింద వాటాలో ఉండే ఖాలా, "మా అమ్మ కాలంది" అంటూ ఒక చూహేదాన్ ఇచ్చింది, ప్రాణంతో పట్టే చెక్క బోను. పందికొక్కుల్ని కూడా ఇందులో పట్టామంది. ఆవిడ భాషలో అవి ఘూస్. ఆ పందికొక్కే ఇంగ్లీషులోకి పోయి బ్యాండికూట్ అయిందని చెబితే, నమ్మలేదు.

మూడో రాత్రి బోనులో ఎలుక పడింది. ఇంకోటి ఉందన్నమాట. పొద్దున్నే ఎత్తి చూస్తే పొట్ట మీద వెంట్రుకలూడి చనుమొనలు బయటికి కనిపిస్తున్నాయి. పాలిచ్చే తల్లి. అర వెనక ఎక్కడో పిల్లలున్నాయి. దూరంగా వదిలేస్తే అవి ఆకలితో చస్తాయి, తెలియని చోట ఇదీ బతకదు. బోను తలుపెత్తి అక్కడే వదిలేశాను. పిల్లలు పాలు మానడానికి మూడు వారాలు. క్యాలెండర్‌లో గుర్తు పెట్టాను, గుమ్మం మూల సందు ఒక్కటి మూయకుండా ఉంచాను, నిఘంటువుల్ని పైఅరలోకి ఎక్కించాను.

సిమెంటు తట్టతో ఎదురుచూస్తున్నానని తెలిసి ఖాలా రోజూ మెట్ల దగ్గర ఆపేది. "చూహోఁ సే కిరాయా లేరే క్యా, బేటా?"

లేదు ఖాలా, ఇంకా పదకొండు రోజులుంది అన్నాను.