ఐదు బన్నులిచ్చిన పిల్ల

లండన్‌లో వాన, చలి, వీధి నిండా బురద. మధ్యాహ్నం తిండి కూడా లేకుండా తడిసిన బూట్లతో పనుల మీద తిరుగుతున్న పిల్లకి ఆ బురదలో నాలుగు పెన్నీల వెండి నాణెం దొరుకుతుంది. నాలుగు బన్నులు అడిగితే, కొట్టావిడ జాలిపడి ఆరు కట్టిస్తుంది. బయట మెట్టు మీద ఒక ముష్టిపిల్ల. ఆమెకి ఐదు ఇచ్చేసి, మిగిలిన ఒక్కటీ తను తింటుంది సారా క్రూ.

'ఎ లిటిల్ ప్రిన్సెస్' చదివినవాళ్లెవరూ ఈ ఘట్టాన్ని మరిచిపోరు. సారా మీద ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది: ఏ పిల్లయినా ఇంత సుగుణాల పోగుగా ఉంటుందా?

తేల్చుకోవాలంటే ఆమె పుట్టుక చూడాలి. సారా పుట్టింది ఒక్కసారి కాదు, మూడుసార్లు.

రచయిత్రి ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1849లో మాంచెస్టర్‌లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రాక ఆ ఊరి వ్యాపారాలు కుదేలయ్యాయి. 1865లో కుటుంబం అమెరికాలోని టెనెసీకి వలసపోయింది. కథలు పత్రికలకి పంపడానికి పోస్టు ఖర్చుల కోసం అడవి ద్రాక్షలు కోసి అమ్మిన మనిషి ఆవిడ. ఉన్నింటి పిల్ల ఒక్కరోజులో లేనింటి పిల్ల కావడమంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1887 డిసెంబరులో 'సెయింట్ నికొలస్' అనే పిల్లల పత్రికలో సారా కథ సీరియల్‌గా మొదలై, మరుసటి ఏడు చిన్న పుస్తకంగా వచ్చింది. 1902లో బర్నెట్ దాన్ని లండన్ రంగస్థలానికి నాటకంగా రాసింది. ఆ ఊపులో 1905లో పూర్తి నవల వచ్చింది. గిన్నెలు తోమే బెకీ, తల్లిలేని లాటీ, అటక మీది ఎలుక మెల్కిసెడెక్ ఈ పెంపకంలో చేరినవాళ్లే. అక్కున చేర్చుకోవడానికి మనుషులు దొరికేసరికి సారా మంచితనానికి చోటూ పెరిగింది.

కానీ అనుమానం మొదట వచ్చింది పాఠకులకి కాదు, సారాకే. బోర్డింగు స్కూల్లో రాణీలా బతుకుతున్న రోజుల్లో ఆమె స్నేహితురాలితో అంటుంది: తను నిజంగా మంచిదో కాదో తనకే తెలీదట, కష్టం రాలేదు కాబట్టి బయటపడలేదేమోనట. ఇండియాలో తండ్రి సొమ్మంతా పోగొట్టుకుని చనిపోయాడన్న కబురు రాగానే అటక గది ఆమెదవుతుంది. పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఒకరోజు ఆకలితో, చలితో వచ్చి, ప్రాణంలా చూసుకునే ఎమిలీ బొమ్మని కుర్చీ మీంచి ఒక్క తోపు తోసేసి, వెక్కివెక్కి ఏడుస్తుంది. తను రాకుమారినని ఊహించుకోవడం గొప్ప కోసం కాదు, నోరు జారకుండా పెట్టుకున్న కళ్లెం.

బర్నెట్ పాకం ముదరబెట్టింది సారా గుణంలో కాదు, ముగింపులో. పోయిన సొమ్ము తిరిగొస్తుంది, సారా అటక దిగుతుంది. పక్క గదిలో అదే ఆకలి పడ్డ బెకీ కూడా దిగుతుంది గానీ, సారాకి పరిచారికగా! రాకుమారికి పనిపిల్ల ఉండాలన్న ఆ కాలపు లెక్క రచయిత్రిని దాటనివ్వలేదు.

సినిమాలు తలోవైపు లాగాయి. 1939లో షిర్లీ టెంపుల్ సినిమా చచ్చిపోయిన తండ్రినే బతికించింది. 1995లో ఆల్ఫోన్సో క్వారోన్ కూడా తండ్రిని బతికించాడు, కానీ బెకీని సారాతో పాటే ఇంటికి పంపాడు. నవలకి తొంభై ఏళ్లు నిండిన ఏడు అలా ఆ బాకీ తీరింది.

ఇక బన్నుల సంగతి. నాలుగోది ఇచ్చేటప్పుడు సారా చెయ్యి వణికిందని రాసింది బర్నెట్. సుగుణాల పోగుకి చెయ్యెందుకు వణుకుతుంది? ఆరోది మాత్రం ఎందుకు మిగుల్చుకుంటుంది?