తుపాను తీరం దాటే చోటు: హవానా, గాల్వెస్టన్

అట్లాంటిక్ మహాసముద్రంలో పుట్టే హరికేన్, అనగా పెను తుపాను, ఏ తీరాన్ని తాకుతుందో ముందుగా చెప్పే విద్య క్యూబా రాజధాని హవానాలోని బెలెన్ వేధశాలలో రూపుదిద్దుకుంది. 1870లో దాని బాధ్యతలు చేపట్టిన జెస్యూట్ మతాచార్యులు బెనితో వీన్యెస్, వాయుపీడనాన్ని కొలిచే భారమితిలో పాదరసం దిగే తీరునూ, గాలి మళ్లే దిక్కునూ, చాలా ఎత్తున ఈకల్లా పరచుకునే మేఘాల కదలికనూ రోజూ పలుమార్లు నమోదు చేస్తూ, ఆ మేఘాల పాయలన్నీ దిగంతంలో ఎక్కడ కలుస్తున్నట్లు కనిపిస్తాయో అటువైపే తుపాను కేంద్రం ఉంటుందని గుర్తించారు. ఉపగ్రహాలు లేని కాలంలో కంటికందని తుపానును ఇలా ఆకాశంలో చదవగలగడం సామాన్యమైన ప్రజ్ఞ కాదు. 1875 సెప్టెంబరు 11న ఆయన వెలువరించిన హెచ్చరికను ఈ శాస్త్రానికి తొలి మైలురాయిగా చెబుతారు.

తుపాను తన దారిని తానే ఎంచుకోదు. సమీపంలోని అధిక పీడన ప్రాంతం అంచున వీచే గాలులు దానిని ముందుకు నెడతాయి, ఆ పీడనం బలంగా ఉంటే అది పడమరకు సాగుతుంది, సడలితే ఉత్తరానికి మళ్లుతుంది. 1900 సెప్టెంబరులో క్యూబా మీదుగా వచ్చిన తుపాను ఫ్లోరిడా వైపు మళ్లి అట్లాంటిక్ తీరం వెంబడి పోతుందని వాషింగ్టన్‌లోని అమెరికా వాతావరణ సంస్థ లెక్కగట్టగా, అది మెక్సికో సింధుశాఖలో పడమరగా టెక్సాస్ దిశగా సాగుతుందని హవానా నిపుణులు తలచారు. అయితే స్పెయిన్‌తో అమెరికా చేసిన 1898 యుద్ధం తరువాత క్యూబా అమెరికా సైన్యం ఏలుబడిలో ఉన్నందున, సంస్థ అధిపతి విల్లిస్ మూర్ హయాంలో క్యూబా నుంచి వెళ్లే తుపాను తంతివార్తలను అంతకు కొద్ది రోజుల ముందే నిలిపివేశారు. జ్ఞానం లేక కాదు, దానిని వినే మనసు లేక జరిగిన అపరాధమది.

సెప్టెంబరు 8న తుపాను టెక్సాస్‌లోని గాల్వెస్టన్ దీవి వద్ద తీరం దాటింది. అత్యంత ఎత్తైన చోటు కూడా తొమ్మిది అడుగులకు మించని ఆ పట్టణం మీదికి పదిహేను అడుగులకు పైగా ఉప్పెన లేచి, కనీసం ఆరు వేల మందిని బలిగొన్నది. తుపాను ఆ ఊరికి పెద్ద హాని చేయగలదన్న భయం వట్టి భ్రమ అని 1891లో పత్రికలో రాసిన స్థానిక వాతావరణాధికారి ఐజాక్ క్లైన్ ఇల్లు సైతం ఆ రాత్రి కూలిపోగా, గర్భవతి అయిన ఆయన భార్య ప్రాణాలు కోల్పోయింది. ఆ దుర్ఘటన తరువాతనే పట్టణం సముద్రపు గోడ కట్టుకుంది.

తుపానును దగ్గరగా చూసే మార్గాలు తరువాతి కాలంలో ఏర్పడ్డాయి. 1943లో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనిక వైమానికుడు గాల్వెస్టన్ సమీపంలోనే తుపాను కంటిలోకి, అనగా దాని నడుమనుండే ప్రశాంత కేంద్రంలోకి, విమానం నడిపాడు. 1960లో తొలి వాతావరణ ఉపగ్రహం నింగికెగిసింది. నేడు మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం పటంపై గీసే శంకువు, అనగా ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే ఆకృతి, గత ఐదేళ్ల అంచనాల పొరపాట్లను బట్టి నిర్ణయించినది. తుపాను కేంద్రం సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లోనే దాని లోపల సాగుతుంది, ఉప్పెన, వానలు మాత్రం ఆ గీతల వెలుపలికి కూడా చేరతాయి.