ఇంజను దీపము పుట్టుపూర్వోత్తరములు

మోటారుకారు నడుపువారి కన్నుల యెదుట, ఇంజను ఆకారముగల పసుపువన్నె దీపమొకటి అప్పుడప్పుడు వెలుగుచుండును. దానిని చూచి కొందరు బండి యిక కదలదని బెంగపడుదురు. మరికొందరు బండి చక్కగనే పరుగెత్తుచున్నది గదా యని దానిని లెక్కచేయరు. రెండును తగని పనులే. ఆ దీపమెందుకు పుట్టినదో తెలిసినచో అది చెప్పు మాట తెలియును. దాని కథ యంత్రశాలలో గాక, ఒక మహానగరపు గాలిలో ఆరంభమైనది.

1943 జులైలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును దట్టమైన పొగమంచువంటి పదార్థ మావరించెను. కన్నులు మండెను, గొంతులు గరగరలాడెను. అది యుద్ధకాలము గనుక శత్రువులు విషవాయువు ప్రయోగించిరేమో యని కొందరు భయపడిరి. కృత్రిమ రబ్బరు తయారీకి సంబంధించిన ఒక కర్మాగారముపై నింద పడెను. దానిని కొంతకాలము మూసినను పొగ తగ్గలేదు.

అసలు కారణమును హాలెండులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు ఏరీ హాగెన్-స్మిట్ కనుగొనెను. అంతకుముందు ఆయన అనాసపండు సువాసనకు కారణమైన ద్రవ్యములను పరిశోధించుచుండెను. మోటారుబండ్లనుండియు, చమురుశుద్ధి కర్మాగారములనుండియు వెలువడు హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు సూర్యరశ్మిలో కలిసి ఓజోను మొదలగు తీక్ష్ణపదార్థములుగా మారుచున్నవని 1950 తరువాత కొద్ది సంవత్సరములలోనే ఆయన నిరూపించెను. నిప్పు లేనిదే పొగ రాదందురు. ఇచ్చట నిప్పు ప్రతి గృహస్థుని బండిలోను ఉన్నది!

1967లో కాలిఫోర్నియా రాష్ట్రము వాయుసంరక్షణ మండలిని నెలకొల్పగా, హాగెన్-స్మిట్ దానికి తొలి అధ్యక్షుడయ్యెను. 1970నాటి అమెరికా చట్టము క్రొత్త కార్ల పొగలోని ప్రధాన కాలుష్యములను నూటికి తొంబది పాళ్లు తగ్గింపవలెనని శాసించెను. దాని ఫలితముగా 1975 నమూనా కార్లలో పొగగొట్టమునకు ఉత్ప్రేరకపాత్ర అమరినది. సీసము ఈ పాత్రను చెరచును గనుక సీసములేని పెట్రోలు అవసరమైనది. మన దేశమున సీసపు పెట్రోలు వాడుక 2000లో ముగిసినది.

మూడు కాలుష్యములను ఒక్కమారుగా హరింపవలెనన్నచో ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి, తూకమున, సరిగా కుదురవలెను. పొగలోని ఆమ్లజనిని కొలుచు సాధనమును 1976లో బాష్ సంస్థ వోల్వో కారున కమర్చినది. ఆ కొలతను అనుసరించి ఇంధనమును సవరించుటకు చిన్న కంప్యూటరు కావలసివచ్చినది. 1981 నమూనాలనుండి జనరల్ మోటార్స్ సంస్థ అమెరికాలో అమ్మిన పెట్రోలు కార్లలో దాదాపు అన్నింటను ఆ కంప్యూటరు, దానితో ఇంజను దీపము వచ్చినవి. మెకానిక్కు రెండు కొనలను తీగతో కలుపగా దీపము మిణుకుమిణుకుమని లెక్కగా వెలిగి దోషసంఖ్యను తెలుపుచుండెను. ఒకమారు వెలిగి, ఆగి, రెండుమార్లు వెలిగినచో అది పండ్రెండవ సంఖ్య.

ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క భాషయైన యీ గందరగోళము 1996తో అమెరికాలో తీరెను. ఆ సంవత్సరపు నమూనాలనుండి కార్లన్నింటికిని పదునారు సూదుల ఒకే సంధానము, ఉమ్మడి దోషసంకేతములు నిర్బంధమయ్యెను. ఐరోపా 2001లో పెట్రోలు కార్లకు ఇట్టి నియమమును తెచ్చెను. మన దేశమున 2010 ఏప్రిలున తొలిదశ, 2013 ఏప్రిలున రెండవదశ అమలులోనికి వచ్చినవి.

ఈ చరిత్రనుబట్టి దీపముయొక్క భావము స్పష్టము. చమురు ఒత్తిడిని తెలుపు ఎఱ్ఱదీపము బండి క్షేమమునకు. ఈ పసుపుదీపము ముఖ్యముగా గాలి క్షేమమునకు. కాలుష్యము హద్దునకు సుమారు ఒకటిన్నర రెట్లగునంతటి దోషము కనబడినచో దీపము వెలుగవలెనని అమెరికా నియమము. పెక్కు దోషములు వరుసగా రెండు ప్రయాణములలో కనబడిన పిమ్మటనే అది వెలుగును. కావున నిలుకడగా వెలిగినప్పుడు భయము వలదు. జాగు చేయక పరీక్ష చేయింపవలెను. మిణుకుమిణుకుమన్నచో మాత్రము ఇంజనులో ఇంధనము సరిగా మండక, ఉత్ప్రేరకపాత్రలో పడి దానిని కాల్చివేయుచున్నదని గ్రహించి, వేగము తగ్గించి, క్షేమమైనచోట బండి నాపవలెను.

దోషసంకేతము తీర్పు కాదు, సాక్ష్యము మాత్రమే. పి0171 అనగా గాలి పాలు హెచ్చినదని అర్థము. దానికి కారణము చినిగిన రబ్బరు గొట్టము కావచ్చును. విచారింపక విలువైన సాధనమును మార్చుట ధనమునకు చేటు. బ్యాటరీ తీగ నూడదీసి దీపము నార్పుట అంతకన్న తప్పు. దీపమారినను దోషమారదు. దాని ఫలము బండిలోనివారికి కనబడకపోవచ్చును. కాని వెనుక కాలినడకన వచ్చు బాటసారి దానిని పీల్చును. ఆతని పక్షమున మాటాడుటకే ఆ చిన్నదీపము ఏర్పడినది.