పొట్టేలిమాంసమునకుఁ గారము

గుంటూరుసీమలోఁ బొట్టేలిమాంసమును గోఁగూరతో వండి మిరపకారము దట్టముగాఁ గూర్తురు. ఈ కారము రెడ్డిరాజులనాఁటిదని కొందఱు తలఁతురు. అది పొసఁగదు. మిరప అమెరికాఖండమునఁ బుట్టినది. కొలంబసు 1492లో నాఖండపు దీవులఁ జేరెను. పోర్చుగీసువారు 1498లోఁ గళ్ళికోటకు వచ్చిరి. అటుపిమ్మటనే మిరప యీదేశమునఁ బ్రవేశించెను. కొండవీటి రెడ్డిరాజ్యమో, 1424 ప్రాంతముననే యంతరించెను. కావునఁ బెదకోమటి వేమారెడ్డికడ విద్యాధికారియైన శ్రీనాథుఁడు మిరపకాయ నెఱుఁగఁడు. ఆనాఁటి మాంసపాకములకు ఘాటు నొసంగినవి మిరియములు, అల్లము. మిరియము మరిచశబ్దబంధువు. క్రొత్తకాయ దాని పేరునే పుచ్చుకొని ‘మిరియపుఁగాయ’యై, పిదప ‘మిరపకాయ’గా మాఱెను. పేరు ప్రాఁతదని వస్తువును బ్రాఁతదనుకొన్నచోఁ గాలనిర్ణయము చెడును. కొండవీటికాలపుదని చెప్పఁబడు గ్రంథమున మిరపకాయ కనఁబడినచో నాభాగము ప్రక్షిప్తమేమోయని శంకింపవలయును.