కూల్డ్రే దొర శిష్యులు

ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుండి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు. ఆంగ్ల సాహిత్య బోధన ఆయన ఉద్యోగధర్మం. కవిత్వమూ, చిత్రకళా ఆయన వ్యసనాలు. పాలకజాతికి చెందినవాడై ఉండీ భారతీయ కళను అంతగా ప్రేమించడం ఆనాడు అరుదు. ఆయన సంస్థలు స్థాపించలేదు. ప్రతిభ కానవచ్చిన కొద్దిమంది విద్యార్థులను మాత్రం చేరదీశాడు. వారిలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ముఖ్యులు.

రామారావుకు పాఠ్యపుస్తకాల కంటె కుంచెపైనే మక్కువ. అది గ్రహించిన గురువు, 1916లో అతడు బొంబాయి జె.జె. కళాపాఠశాలలో చేరడానికి తోడ్పడ్డాడు. స్వస్థలానికి తిరిగివచ్చిన రామారావు, పొందిన విద్యను పంచిపెట్టడానికే పూనుకొని చిత్రకళాశాలను నెలకొల్పాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆయనకు అండగా నిలిచాడు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. గృహిణులు చిత్రకారిణులు కావడం ఆ కాలానికి చిన్న విషయమేమీ కాదు.

1925 ఫిబ్రవరిలో మశూచికం సోకి, 28 ఏళ్లయినా నిండకుండానే రామారావు కన్నుమూశాడు. కూల్డ్రే అప్పటికే స్వదేశానికి వెళ్ళిపోయాడు. ప్రధానవ్యక్తి పోయిన తరువాత అటువంటి పాఠశాలలు సాధారణంగా మూతబడతాయి. వెంకటరత్నం దీనిని మూతబడనీయలేదు. మిత్రుని చిత్రాలను పదిలపరచి, విద్యార్థులకు శిక్షణనిస్తూ వచ్చాడు.

బాపిరాజు దారి వేరు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ వద్ద చిత్రకళ నేర్చి, అనంతరం ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యాడు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయ నవలా బహుమతిని ఆయన 'నారాయణరావు', విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' పంచుకున్నాయి.

రాజమహేంద్రవరంలో రామారావు పేరిట వెలసిన చిత్రశాలలో ఆయన చిత్రాలతోపాటు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వెంకటరత్నంల చిత్రాలు నేటికీ చూడవచ్చు.